ముప్పై రెండు ఆనవాళ్ళు

ముసలమ్మను ఆసుపత్రి వరండాలో స్టూలు మీద కూర్చోబెట్టి, క్వారీ కంపెనీ పంపిన పెద్ద డాక్టరు ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆమె కోడలు అదే వరండాలో తడిగుడ్డతో నేల తుడుస్తోంది. ఆ ఆసుపత్రిలో ఆమె ఆయా. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ అన్నీ వింది.

"ఇవాళ తేదీ ఎంత?"

"రెండో వాన పడి తొమ్మిది రోజులు."

డాక్టరు కాగితం మీద సున్నా వేశాడు.

"గడియారం బొమ్మ గీయి. పదకొండుంబావు చూపించాలి."

పెన్సిలు పట్టుకోవడమే ముసలమ్మకు ఆవేళ మొదలు. వంకరగా ఒక సున్నా చుట్టి, "పొద్దు ఎంతెక్కిందో చెప్పు నాయనా, గీస్తాను," అంది. ఇంకో సున్నా పడింది.

"వందలోంచి ఏడు తీసెయ్. ఎంత?"

"వంద ఏంటివి? మేకలా, తేనెపట్లా?"

డాక్టరు పక్కనున్న కంపెనీ మేనేజరు నవ్వాడు. ముసలమ్మ నవ్వలేదు. లేని మేకల్ని లెక్కపెట్టమనేవాడికి మతి ఉన్నట్టూ, ఏం లెక్కపెట్టాలో అడిగినామెకు లేనట్టూ తేలిపోయింది. జ్ఞాపకశక్తి నశించిందనీ, సాక్ష్యానికి పనికిరాదనీ డాక్టరు సంతకం పెట్టాడు. కోడలు బకెట్ ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. ఎనిమిది గంటలు నేల తుడిచాక కోపం రావడానికి కూడా ఓపిక మిగలాలి.

ఆ కాగితం ఎందుకో కొండవాళ్ళలో ఎవరిని లేపి అడిగినా చెబుతారు. పద్నాలుగేళ్ళ కిందట వాళ్ళను కొండ దింపి క్వారీ పక్కన రేకుల ఇళ్ళ లైన్లలో పడేశారు. సగం కొండ అప్పుడే కంకర అయిపోయింది. మిగిలిన సగంలో వాళ్ళ ఊట ఉంది. దాని సరిహద్దును తప్పు లేకుండా అధికారి ముందు నోటితో చెప్పగలిగితే ఆ సగం వాళ్ళది. లేకపోతే క్వారీది. సరిహద్దుకు ముప్పై రెండు ఆనవాళ్ళు. వరసగా అన్నీ తెలిసిన మనిషి ముసలమ్మ ఒక్కతే. విచారణకు ఇంకా నాలుగు రోజులుంది.

కంపెనీ కారు వెళ్ళిపోయాక, ఆసుపత్రి డాక్టరమ్మ ముసలమ్మ చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. రెండు వందల పది.

"ఆయమ్మా, ఇలా రా," అని పిలిచింది. "మీ అత్తకి నెలకి ముప్పై మాత్రలిస్తున్నాను. ఇలా ఎందుకుంది? వేసుకోవట్లేదా?"

"వేసుకుంటోందమ్మా."

"రోజుకి ఒకటి?"

కోడలు నేల చూపులు చూసింది. "రోజుకి పావు."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

కొండమీద ఉన్నప్పటినుంచి వాళ్ళకో కట్టుబాటు. దుంప దొరికినా తేనె దొరికినా వాటాలు వెయ్యకుండా ఎవరి నోట్లోకీ పోకూడదు. లైన్లలో చాలా ఇళ్ళు రిజిస్టరులోకే ఎక్కలేదు, నంబరు లేని ఇంటికి మాత్రల్లేవు. తలనొప్పులు, కళ్ళు తిరగడాలు మాత్రం నంబరు అడగలేదు. అందుకని కోడలు తెల్లవారగానే బ్లేడుతో ఒక్కో మాత్రను నాలుగు ముక్కలు కోసి, అత్తకొకటి, పక్క మూడిళ్ళకు మూడు పంచేది. మంచిపని చేస్తున్నాననే అనుకుంది పిచ్చితల్లి.

"పంచుకోడానికి ఇదేమన్నా తేనెపట్టా?" అంది డాక్టరమ్మ. "పావు మాత్ర వేస్తే ఒక్కరికీ పని చెయ్యదు. పోటు అలాగే ఉంటే మెదడులో సన్న నరాలు దెబ్బతింటాయి. ఈ జబ్బు మెల్లగా మతిని కూడా తినేస్తుంది. మీ అత్తకి మాట తడబడుతోందా?"

"రెండు నెలల్నుంచి."

డాక్టరమ్మ ముసలమ్మ చేతి పట్టీ విప్పింది.

"వాడి పరీక్ష దొంగ పరీక్ష," అంది డాక్టరమ్మ చివరికి. "కానీ జబ్బు నిజం."

కొండను మింగుతున్నది కంపెనీయే. కానీ అత్త బుర్రలోని కొండను బ్లేడుతో కోసింది తన చేతులే. కోడలు మూల గోడకు ఆనుకుని, చప్పుడు రాకుండా ఏడ్చింది.

మర్నాడు డాక్టరమ్మ లైన్లలోకే వచ్చి గడప గడపకూ తిరిగింది. నలభైమంది పెద్దవాళ్ళను చూస్తే ఇరవై ఏడుగురికి పోటు ఉంది. రాతిదుమ్ము, డబుల్ షిఫ్టులు, కొట్లో దొరికే ఉప్పు తిండి, దినదిన గండం. ఇది ఒక్క ముసలమ్మ జబ్బు కాదు.

సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళు కుళాయి దగ్గర చేరారు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే కునుకుతున్నారు. కోడలి మరిది క్వారీలో డ్రిల్లరు. మెషిన్ మోతకు సగం చెవుడొచ్చి, ఏం చెప్పినా అరిచే చెబుతాడు.

"మాత్రలు ఇంటింటికీ ఇవ్వాలి. కొండ జోలికి రాకూడదు. రెండూ ఒకే కాగితం మీద అడుగుదాం."

"కాగితాలిచ్చి ఇచ్చి చేతులు పడిపోయాయి," అన్నాడు లారీ క్లీనరు. "ముసలమ్మకే గుర్తు లేకపోతే ఇంకేం మిగిలింది? కొండ వదిలేస్తే కంపెనీ ఇస్తానన్న కొత్త గదులు పుచ్చుకుందాం. గుడ్డికన్నా మెల్ల మేలు."

"నీకు గది కావాలా, ఊట కావాలా?" అని అరిచాడు డ్రిల్లరు.

"నాకు నిద్ర కావాలిరా," అన్నాడు క్లీనరు. ఎవరూ కోప్పడలేదు. అందరికీ కావలసింది అదే.

ముసలమ్మ చెయ్యెత్తింది. "చెప్తాను. వినండి. ఊట రాయి. పొద్దు వాలే వైపు రెండు పలకల బండ. దాని కింద పిడుగు పడ్డ చెట్టు. తర్వాత..."

నోరు తెరుచుకునే ఉంది, మాట రాలేదు. ఆ ముఖం చూడలేక మగవాళ్ళు తలలు దించుకున్నారు.

"ఎర్రమట్టి గట్టు," అంది కోడలు. తనకెలా తెలుసో ఆమెకే ఆశ్చర్యం. కట్టెలమోపు దించి అత్తతో పాటు అలుపు తీర్చుకున్న గట్టు అది.

"ఆ పైన ఎలుగు గుహ," అంది మంత్రసాని. "అక్కడ మా నాన్నని ఎలుగు పీకింది."

"గుహ దాటితే తేనె చరియ," అన్నాడు క్లీనరు, నిద్ర మానేసి.

ఒకరికి రెండు తెలుసు, ఒకరికి మూడు. చెప్పినవాళ్ళనే మళ్ళీ అడిగి, తప్పితే దిద్ది, చీకటి పడేలోగా ముప్పై ఒకటి తేల్చారు. చివరిది మొదటిదే. బయలుదేరిన ఊట రాయికి తిరిగి చేరితేనే సరిహద్దు మూసుకుంటుంది. అది అత్త వాటా అన్నారు.

"తిలాపాపం తలా పిడికెడు," అన్నాడు డ్రిల్లరు వదినను చూసి. "మాత్రలు పంచి చెడగొట్టావు వదినా. ఇది పంచుకుంటే చెడదులే."

కోడలు చాలా రోజులకు కొంచెం నవ్వింది.

విచారణ నాడు కంపెనీవాళ్ళకు కుర్చీలు, వీళ్ళకు నేల. అధికారి ముందుగా పెద్ద డాక్టరు ఇచ్చిన కాగితం చదివాడు. డాక్టరమ్మ ఇచ్చిన ఉత్తరాన్నీ, ఇరవై ఏడుగురి జాబితానూ ఫైలు అడుగున పెట్టాడు. తర్వాత గుమాస్తాను రాసుకోమని, ముసలమ్మను చెప్పమన్నాడు.

"ఊట రాయి," అంది ముసలమ్మ. అక్కడితో ఆగిపోయింది.

మేనేజరు చేతి గడియారం చూసుకున్నాడు. కోడలు లేచింది. "రెండు పలకల బండ."

"నువ్వెవరు? సాక్షి ఒక్కరే ఉండాలి," అన్నాడు అధికారి.

"మాలో ఒక్కరిది అంటూ ఏదీ లేదండీ," అంది కోడలు. కూర్చోలేదు.

"పిడుగు పడ్డ చెట్టు," అని మంత్రసాని లేచింది. "ఎర్రమట్టి గట్టు," అని వెనక నుంచి ఇంకొకరు. అధికారి బల్ల గుద్దాడు. పోలీసులు వచ్చి కోడలి రెక్క పట్టుకున్నారు. తొమ్మిదో ఆనవాలు వినేసరికి ఆమె వ్యానులో ఉంది. లేచి చెప్పినవాళ్ళను చెప్పినట్టే లాక్కొచ్చి అందులోనే కుదేశారు.

"ఆ ముసలిదాన్నో?" అన్నాడొక కానిస్టేబులు.

"మతి లేనిదట, వదిలెయ్," అన్నాడు ఇంకొకడు.

వ్యాను హాలు కిటికీ పక్కనే ఆగి ఉంది. ఊచల్లోంచి అత్త కనిపిస్తోంది, ఖాళీ నేల మీద ఒక్కతే. వ్యానులోంచే ఇరవయ్యో ఆనవాలు, ఇరవై ఒకటి, ఇరవై రెండు. అరిచి అరిచి గొంతులు పోయాయి. ముప్పై ఒకటోది డ్రిల్లరుది. "మేకల దారి మలుపు," అని ఆవరణంతా వినబడేలా అరిచాడు.

ఇక మిగిలింది అత్త వాటా. కోడలు ఊచలు పట్టుకుని, 'అనవే తల్లీ, ఒక్క మాట,' అనుకుంది. ముసలమ్మ తల వాలిపోయి ఉంది. అప్పుడు ఆమె తల ఎత్తి, పోటుకు వంకర పోయిన మూతితో, గుమాస్తాను చూసి చెప్పింది.

"ఊట రాయి. తిరిగొచ్చేశాం. రాసుకో నాయనా, ముప్పై రెండు. వట్టి ముప్పై రెండు కాదు, ఆనవాళ్ళు అని రాయి."

గుమాస్తా అధికారి వైపు చూశాడు. అధికారి ఫైలు వైపు చూశాడు. ఎవరేం రాశారో కోడలికి కనిపించలేదు, వ్యాను కదిలింది. లోపల ఎవరో బొంగురు గొంతుతో మళ్ళీ ఒకటో ఆనవాలు నుంచి మొదలుపెట్టారు.