మధ్యాహ్నం మూడింటికి చంద్రుడు

ఆరు వేల రియాళ్ళతో మొదలుపెట్టాడు అమర్. ఖతర్ వదిలి వెళ్ళిపోతున్న ఒక కుటుంబం దగ్గర పాత పియానో కొని, ఉమ్ ఘువైలినా అనే పేటలో తన ఫ్లాట్ హాల్లో పెట్టి, పిల్లలకు ట్యూషన్లు చెప్పసాగాడు. పన్నెండు మంది చేరితే ఏడాదికల్లా రెండో పియానో అని లెక్క. చేరింది ఐదుగురు. వాళ్ళ గ్రేడు పరీక్షకి ఒక జంట పడింది: దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట యూరప్‌లో ఎవరో రాసుకున్న రెండు నాక్టర్న్‌లు, అంటే రాత్రి పాటలు.

మొదటిది వాయిస్తే బిల్డింగంతా రాత్రి అయ్యేది. రెండోది పూర్తి చేస్తే పోయిన పగలు తిరిగొచ్చేది. మొదటిది తేలిక, అందరికీ వచ్చేసింది. రెండోదాంట్లో ఎడమచెయ్యి ఆగకుండా పరిగెత్తాలి. పిల్లలు సగంలో ఆగి ఏడ్చేవాళ్ళు. అమర్ తనే కూర్చుని పూర్తి చేసేదాకా నాలుగంతస్తులూ చీకట్లోనే.

దానికి ఆశ్చర్యపోయినవాళ్ళు లేరు, తిట్టనివాళ్ళూ లేరు.

"డాబా మీద వడియాలు పెట్టి వారమైంది నాయనా, నీ శిష్యులు ఎండ పడనిస్తేనా?" అనేది ఎదురు ఫ్లాట్ కమలాదేవి.

వాచ్‌మన్ అహ్మద్ అలీ విసిగిపోయి తేల్చేశాడు. "ఇంకొక్కసారి పగలు చీకటైతే పియానో బయటికే. ఓనర్ మాట. ఖలాస్."

అట్లతద్ది నాడు మధ్యాహ్నం మూడింటికి కమలాదేవి వచ్చి తలుపు బాదింది.

"అమరూ, మా సునంద కళ్ళు తిరిగి పడిపోయిందిరా! నీళ్ళు తాగవే అంటే చంద్రుణ్ణి చూడందే తాగదట. డాక్టరు చేత గ్లూకోజు పెట్టిద్దామన్నా అదీ చంద్రుడొచ్చాకేనట!"

సునంద ఆమె కొత్త కోడలు, జగిత్యాల పిల్ల. తెరిచివున్న ఎదురు తలుపులోంచి కనిపిస్తోంది, పెదవులు ఎండిపోయి సోఫాలో పడివుంది.

"నేనే తాగమంటున్నా కదే!"

"ఇప్పుడంటరు అత్తమ్మా. రేపు మా దిక్కోళ్ళకు నోములు తెల్వయని మీరే అంటరు. నిన్న గోరింటాకు కాడ అన్లేదా?"

"అన్నాను తల్లీ! నా నోరు పడిపోను!"

అమర్ వెనక్కి తిరిగి పియానో వైపు చూశాడు. ఐదు ఫీజులు, అద్దె. ఎటు కూడినా నష్టమే. పళ్ళు కొరుక్కుంటూ కూర్చుని మొదటిది వాయించాడు.

చీకటి పడింది. ఎదురింటి బాల్కనీ ఎదుట, ఓ పక్క కాస్త తరిగి, తదియ చంద్రుడు నిలబడ్డాడు. సునంద దండం పెట్టుకుంది. చెంబెడు నీళ్ళు తాగింది. మూడు అట్లు తిన్నాక మొహంలోకి కళ వచ్చింది.

"ఉప్పు తక్కువైంది అత్తమ్మా."

"దీని పొగరు చూడు!" అని కళ్ళు తుడుచుకుంది కమలాదేవి.

ఇంతలో టార్చితో అహ్మద్ అలీ వచ్చాడు. కమలాదేవి అతని చేతిలో అట్టు పెట్టింది. తిన్నాడు గానీ మాట మార్చలేదు. "రేపటికల్లా పియానో ఖాళీ భాయ్. లేకపోతే నా నౌకరీ పోతది."

"తమ్ముడూ, మా అన్న అంజి అల్ ఖోర్ల కంపెనీ కాలనీల ఉంటడు," అంది సునంద ఎదురింట్లోంచే అమర్‌తో. "అన్నీ నైట్ డ్యూటీలే. పగలు నిద్ర పట్టక పిచ్చోడైతుండు. ఆ కాలనీల సగం మంది గంతే. పగటిపూట రాత్రి తెస్తనంటే నిన్ను నెత్తిమీద పెట్టుకుంటరు."

ఇంత చిన్న లెక్క తనకు తట్టనందుకు అమర్‌కి ఒళ్ళు మండింది.

"నంబరు చెప్పక్కా. ఇప్పుడు పడుకుని ఉంటాడేమో?"

"పండుకుంటే ఇంకేం గావాలె!"

"ముందు పగలు తే భాయ్," గొణిగాడు అహ్మద్ అలీ.

అమర్ నంబరు నొక్కి, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండోదానికి ఎడమచెయ్యి ఎత్తాడు. అటు ఫోన్ మోగుతోంది.