సత్తార్ కుడిపక్క గురక

మంథని నుంచి పెద్దపల్లికి పోయే పొద్దుగాల బస్సు సత్తార్ నడిపేటోడు. స్టాండ్ల చాయ్ తాగి, టైర్లను కాలుతోని తన్ని చూసి, ఎక్కి కూసునేటోడు. ఇంజన్ సప్పుడుతోని పాటు ఆయన కుడిపక్క బొక్కల కింద గురక మొదలయ్యేది. కండ్లు తెరిచే ఉంటయి, స్టీరింగ్ తిప్పుతనే ఉంటడు, కార్జం ఒక్కటే గుర్రుపెట్టి పంటది.

రోజూ ఎక్కే పాలోళ్లు, పంతుళ్లు పట్టించుకునేటోళ్లు కాదు. కొత్తోళ్లే బెదిరేది.

"అయ్యో, డ్రైవర్ పండిండు!"

"ఆయన పండలే, ఆయన కార్జం పండింది. కూసో," అని కండక్టర్ కొండల్ టికెట్ చింపి చేతుల పెట్టేటోడు.

తొంభై తొమ్మిదిల చెల్లె కాన్పుకు రక్తమిద్దామని కరీంనగర్ పోతే, సత్తార్ రక్తం వద్దన్నరు. డాక్టర్ మధుసూదన్‌రావు పరీక్ష కాయితం చూసిండు, పక్కకు చెవి పెట్టి ఇన్నడు.

"హెపటైటిస్ బి. పాతది. లోపట రోగాన్ని ఆపే కావలోళ్లు పండిన్రు, దొంగలు ఇంట్లనే సంసారం పెట్టిన్రు. గిట్లనే ఉంటే నాలుగైదేండ్లల్ల కార్జం ఎండి రాయైతది."

భార్య మక్సూదా వేళ్ల మీద లెక్కపెట్టింది. నాలుగేండ్లంటే బిడ్డ ఖుద్సియా ఏడో తరగతిల ఉంటది. డాక్టర్ తల్లీబిడ్డలకు టీకాలేసి, సత్తార్‌కు కొత్తగ వచ్చిన గోలి రాసిచ్చిండు.

ఆరు నెలలకు పరీక్ష చేస్తే వైరస్ మస్తు తగ్గింది. సత్తార్ బస్సు మొత్తానికి పేడాలు పంచిండు.

"ఇగ గోలి బంద్," అన్నడు ఇంటికొచ్చి.

మక్సూదా ఆయన పక్కకు చెవి ఆనించింది. గురక గట్లనే ఉంది.

"దొంగలు తక్వైన్రు. కావలోళ్లు లేవలే. పా, దవఖానకు."

"కాయితం మంచిగున్నది గదనే!"

"కాయితం నీ పక్కల పంటుందా? నేను పంటున్న. పా."

ఆమె చెప్పింది ఇని డాక్టర్ కలం కింద పెట్టిండు. "నిజమేనమ్మా. గిప్పుడు గోలి ఆపితే దొంగలు మళ్ల గుంపైతరు. కావలోళ్లను లేపే సూది ఒకటి ఉంది. గోలి దొంగలను తగ్గిస్తది, సూది మనోళ్లను లేపుతది. రెండు కలిపి పట్నంల పెద్ద దవఖానోళ్లు ఇచ్చి చూస్తున్రు. పేరిస్తే సూదులు పుణ్యానికే. గని అందరికి పనిజెయ్యది. పదిమందిల ముగ్గురికో నలుగురికో."

"మేం ముగ్గురమే ఉన్నం సార్ ఇంట్ల," అన్నది మక్సూదా. "రాయండి పేరు."

వారానికి మూడు సూదులు. ఐసు పెట్టిన ఫ్లాస్కుల మంథనికి తెచ్చుకునుడు. వాడకట్టుల ఫ్రిజ్ సరళాదేవి దొరసాని ఇంట్లనే ఉంది. ఆమె పెరుగు గిన్నె జరిపి, సీసాలకు తావిచ్చింది.

మూడో సూదికి జరం పట్టుకుంది. ఒళ్లంత నొప్పులు, తిండి సయిస్తలేదు. రెండో నెలల కండ్లు పచ్చవడ్డయి. సెలవు పెట్టి మంచంల పడ్డడు. పక్కింటి రామవ్వ పసరు నూరుకొని, వాత పెట్టనీకి ఇనుప కడ్డీ పట్టుకొని వచ్చింది.

"చెయ్యి మీద కాలిస్తే కామెర్లు దిగుతయి బిడ్డా. గా సూదులే పిలగాన్ని తింటున్నయి."

"ఆపుదాం మక్సూదా," అన్నడు సత్తార్. "నాతోని కాదు. సచ్చేటోడు సుకంగనన్న సావద్దా?"

మక్సూదా కడ్డీ గుంజుకొని ఆయన పక్కన కూసుంది. కుడిపక్కల గురక ఆగింది. ఎవరో దగ్గిండు. ఇంకొకడు గొంతు సవరించుకున్నడు. తర్వాత కర్రలు టకటక తగిలిన సప్పుడు.

"కొట్లాట ఇనవడ్తలేదా? ఏండ్ల సంది పండినోళ్లు గిప్పుడు లేసిన్రు. గిప్పుడా నువ్వు పంటనంటున్నవ్?"

రామవ్వ కూడా వంగి ఇన్నది. "ఔ పిల్లా, మస్తుమంది ఉన్నరు," అని పసరు గిన్నె మీద కొంగు కప్పుకొని పోయింది.

మక్సూదా అదే దినం ఆయనను డాక్టర్‌కు చూపించింది. "కొట్లాటల ఇల్లు జర అదురుతది. వారం వారం రక్తం చూస్త," అన్నడాయన. చూసిండు కూడా.

చలికాలం పోయేసరికి కండ్లు తెల్లవడ్డయి. ఎండలు ముదిరినంక వచ్చిన కాయితంల వైరస్ ఆనవాలు లేదు. డాక్టర్ సత్తార్ పక్కకు చెవి పెట్టిండు. సప్పుడు లేదు.

ఇంటికి రాంగనే సత్తార్ దొరసాని ఇంటికి పోయి ఫ్రిజ్‌కు సలాం కొట్టిండు.

"నాకు లేదా ఏందిరా?" అన్నది సరళాదేవి.

"మీకు బతికినన్నొద్దులు కొట్టుడే దొరసానీ."

మళ్ల డ్యూటీల చేరిన పొద్దు బస్సెక్కినోళ్లంత చేతులు పట్టుకున్నరు. బస్సు కదిలింది. సగం దూరం పోయినంక ఎక్కడ్నుంచో సన్నగ గురక ఇనవడ్డది.

కొండల్ ఉరికొచ్చిండు. "సత్తార్ భాయ్, మళ్లనా?"

సత్తార్ పక్క తడుముకున్నడు. ఆయనది కాదు. బస్సు ఓరకు ఆపి, సీటు సీటుకు చెవొగ్గుకుంట వెనుకకు పోయిండు. మూడో వరుసల జానకీబాయి టీచర్ పిల్లల నోటుబుక్కులు దిద్దుకుంట కూసుంది. రెండేండ్ల సంది అదే సీటు.

"టీచరమ్మా, మీదే."

"నాదా?" ఆమె ఎర్రపెన్ను ఆగింది. "నీదాంట్ల కలిసి నాకు తెలువనే లేదు సత్తార్. నువ్వు సెలవుల ఉన్నప్పుడు ఇంజన్ సప్పుడనుకున్న. బడి పరీక్షలున్నయి, అయినంక చూస్త..."

"అయినంక వద్దమ్మా. పెద్దపల్లిల దిగంగనే కరీంనగర్ బస్సు ఎక్కిస్త. మక్సూదాను పిలిపిస్త, ఆమె తోడుంటది. ఏం కాదు. లేపే సూది ఉంది."

టీచరమ్మ పుస్తకాలు సంచిల పెట్టింది. సత్తార్ పోయి సీట్ల కూసున్నడు.

పెద్దపల్లి వచ్చేదాక బస్సుల యాభై మంది, ఎవ్వల కుడిపక్క మీద వాళ్లు చెయ్యి పెట్టుకొని, చెవొగ్గి ఇంటనే ఉన్నరు.