విశ్వపతి చెప్పిన వీధిపోటు

వైశాఖమాసపు సాయంసమయము. పగలెల్ల నిప్పులు చెరిగిన ప్రచండమార్తాండుడు కొబ్బరితోటల వెనుకకు వ్రాలుచుండ కాలువనీటిపైనుండి వీతెంచు మందమారుతము నిడదవోలు పురవాసుల నుదుటి చెమట నార్చుచుండెను. సరకులబండ్ల యెడ్ల మెడగంటలు గణగణ మ్రోగ మల్లెపూలగంపలతో పడతులు వీధులవెంట నరుగ రైలుస్టేషనునుండి తిన్నగా సాగివచ్చిన క్రొత్త కంకరబాట తుమ్మపొదలతో నిండిన యొక విశాలమైన ఖాళీస్థలమును ఎదురుగా దాకి యచ్చటనే యాగి కుడియెడమలకు చీలిపోవుచుండెను. మన కథ యంతయు నా స్థలము చుట్టునే తిరుగును.

ఆ స్థలము ముంగిట ఇరువురు యువకులు నిలిచియుండిరి. వారు తోడల్లుండ్రు. పెద్దవాడైన విశ్వపతి మునసబుకోర్టు గుమాస్తా. ముత్యములవంటి దస్తూరియు మోకాళ్లు దిగు కోటును మామగారింట మొదటిపీటయు గలవాడు. చిన్నవాడైన ఉమాకాంతము ఇరువదిమూడేండ్ల ప్రాయమువాడు. రైలు గిడ్డంగిలో కొలువు చేయుచు జీతమున మిగిల్చిన సొమ్మునకు భార్యయైన అలివేలు తన వడ్డాణము నమ్మి యిచ్చిన సొమ్ము చేర్చుకొని జన్మమున మొట్టమొదటిసారి భూమి కొనవలెనని యువ్విళ్లూరుచుండెను.

“అన్నయ్యగారూ, కోటిలింగం శెట్టిగారు దీన్ని రెండు ముక్కలు చేసి అమ్ముతానంటున్నారండి. ఉత్తరపు ముక్క నాకు, దక్షిణపు ముక్క మీకు. ఊరు పెరిగితే ఇటే పెరగాలండి. ఇవాళైతే మన చేతికందుతుంది, రేపు మన పిల్లలక్కూడా అందదండి” అని ఉమాకాంతము పలికెను.

విశ్వపతి పకపక నవ్వెను. “తుమ్మముళ్ళు కొనుక్కునే ఖర్మ నాకింకా పట్టలేదోయ్ తమ్ముడూ. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరావు, నీకు భూములా? తా దూర కంత లేదు, మెడకో డోలన్నాట్ట నీలాంటివాడే!”

చదువరీ, ఈ నవ్వును నమ్మకుము. విశ్వపతికిని స్థలము నచ్చినది. సొమ్మును గలదు. తనకంటె చిన్నవాడు, మామగారింట తన వెనుకపీటమీద కూర్చుండువాడు, ముందుగా కనిపెట్టి తనకు దారి చూపుటయే వానికి గిట్టలేదు. తాను కాదన్నచో ఉమాకాంతమును వెనుదీయునని తలచి యింటికి బోయెను.

వెనుదీయలేదు. మఱునాడు విశ్వపతి భోజనమునకు గూర్చుండగనే భార్య భ్రమరాంబ విసనకఱ్ఱతో విసరుచు మెల్లగా నెత్తుకొనెను.

“ఏవండీ, మా అలివేలు వాళ్ళు ఉత్తరపు ముక్క కొనేస్తున్నారటండీ. రెండోది మనం తీసుకుందామా? ఈ అద్దెకొంపలో ఎన్నాళ్ళండీ? గోడకి మేకు కొట్టాలన్నా ఇంటాయన్ని అడగాలి. పిల్లాడు గట్టిగా ఏడిస్తే ఇంటావిడ మొహం మాడ్చుకుంటుంది. మనకంటూ ఓ గడప ఉంటే చాలండీ, నేనింకేం అడగను.”

విశ్వపతి యెత్తిన ముద్దను మరల విస్తరిలో విడిచెను. ఔరా! నిన్నటివఱకు సరకుమూటలు లెక్కపెట్టుకొను కుఱ్ఱవాడు రేపు గృహస్థుడగునా? మామగారు వానినే ముందు పలుకరించునా? “మా చిన్నల్లుడు స్థలం కొన్నాడండీ” యని యూరంతయు జెప్పుకొనునా? తాను కొనవలెనన్న కోరిక యేమయ్యెనో గాని వాడు కొనరాదన్న పట్టుదల మాత్రము గట్టిపడెను. అప్పుడు నోటినుండి మాట యూడిపడినది.

“పిచ్చిదానా, అది వీధిపోటు స్థలమే! బాట సూటిగా వచ్చి గుండెల్లో పొడుస్తుంది. దానికెదురుగా కాపరమున్నవాడికి పెద్దకొడుకు దక్కడు.”

వీధి యెదురుగా వచ్చి తాకిన యిల్లు కలిసిరాదని నలుగురును అనుకొనుమాటయే. పెద్దకొడుకు దక్కడన్నది మాత్రము ఏ శాస్త్రమునను లేదు. అది విశ్వపతి యప్పటికప్పుడు కల్పించినది. భ్రమరాంబ విసనకఱ్ఱ జారవిడిచి వాకిట నాడుకొనుచున్న మూడేండ్ల కొడుకును ఒక్క ఉదుటున తెచ్చి కౌగిట నదుముకొనెను. మఱి యా స్థలము మాట యామె యెత్తలేదు.

అబద్ధ మంత చక్కగా పాఱుట చూచి విశ్వపతికి దానియందు మక్కువ కలిగెను. కోర్టు వరండాలో నొకసారి, కాఫీహోటలు బల్లకడ నొకసారి, “మనకెందుకులెండి గాని” యని మొదలుపెట్టి సానుభూతిపరుని మొగముతో నా మాటనే చల్లెను. మన యూళ్ల సంగతి వేఱుగ జెప్పవలయునా? పదిరోజులు తిరుగునప్పటికి పొదలలో పసిబిడ్డ యేడ్పు విన్నవారును తెల్లచీరను చూచినవారును బయలుదేరిరి. స్థలమునకై బేరమాడినవారెల్ల బయానా వెనుకకు దీసికొని చక్కబోయిరి. నెలతప్పియున్న అలివేలు మగని కాళ్లు పట్టుకొని “ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారీనా? మనకొద్దండీ” యని యేడ్చెనన్న వార్త విశ్వపతి చెవిని బడెను. వాడా పూట రెండుమార్లు వడ్డించుకొని తినెను.

ఇంత జరిగినను ఉమాకాంతము శెట్టిగారి యంగడికి నడచెను. ఈగలు తోలుకొనుచున్న శెట్టి వానిని చూచి “నువ్వొక్కడివైనా వచ్చావు నాయనా, సగం ధరకి తీసుకుపో” యనెను. ఆ మిగిలిన సగము సొమ్ముతో ఉమాకాంతము బాటకెదురుగా రెండు కొట్లును వానివెనుక నివాసమునకు మూడుగదులును లేపెను. వీధి తాకుచోట గోడలో చిన్నగూడు కట్టించి పెద్దల యాచారముచొప్పున విఘ్నేశ్వరుని నిలిపి భార్య భయము దీర్చెను. స్టేషనులో దిగినవాడు తలయెత్తినచో తిన్నగా కానవచ్చునవి యా కొట్లే. సున్న మారకముందే ఒకదానిని బట్టలవర్తకుడును రెండవదానిని కాఫీహోటలువాడును బాడుగకు గొనిరి.

మాఘమాసమున గృహప్రవేశము జరిగెను. అలివేలు పండువంటి మగబిడ్డను ఒడి నిడుకొని కూర్చుండెను. ఉమాకాంతము తోడల్లునికి ఎదురేగి తీసికొనివచ్చి అందఱికంటె ముందుపీటపై నాతనినే కూర్చుండబెట్టెను.

“అన్నయ్యగారూ, ఆ వీధిపోటు మాట ఏ మహానుభావుడు పుట్టించాడో గాని వాడి కడుపు చల్లగుండ! అసలు ధరే అయితే నేను నేల కొని ఊరుకునేవాణ్ణండి. గోడ లేచేదా, కొట్లొచ్చేవా?”

గుమ్మడికాయల దొంగ యనగా భుజములు తడుముకొన్నట్లు విశ్వపతి యుత్తరీయము సవరించుకొనెను. వాడు తన్నెఱిగి పొడుచుచున్నాడేమో యని ఉమాకాంతము కన్నులలోనికి చూచెను. వానిలో నేమియు లేదు. సంతోషము మాత్రమే యున్నది.

“ఇంకో మాటండి. దక్షిణపు ముక్క అలాగే ఉంది. శెట్టిగారు అదే ధరకి ఇస్తామన్నారు. పౌర్ణమిదాకా ఎవరికీ ఇవ్వొద్దని మీ పేర మాట తీసుకున్నానండి. ఈసారి కాదనకండి. పక్కపక్కన ఉందాం.”

అక్కటా! ఆ క్షణమున విశ్వపతికి ఆ నేలపై గలిగిన యాశ యింతంత యనరాదు. గోడ యవతల తుమ్మపొదలు కనబడుచుండెను. అచ్చట తన గడప, తన పెరడు, ఎవరి యనుమతియు లేక తన భార్య కొట్టుకొను మేకు. పెద్దది గాకున్నను తనది. అడిగిన సొమ్ము తపాలాబ్యాంకులో సిద్ధముగా నున్నది. భ్రమరాంబ యొక్కతె సరేయన్న చాలును.

తిరిగి వచ్చునపుడు నిదురించుచున్న కొడుకును భుజమున వేసికొని నడచుచున్న భార్యతో నాతడు బింకము విడిచి పలికెను.

“భ్రమరా, మనమూ ఆ రెండో ముక్క తీసుకుందామా? వినాయకుణ్ణి పెడితే దోషం పోతుందట.”

ఆమె నడివీధిలో నిలిచిపోయెను. “మీరేనాండీ ఈ మాటంటున్నది? పెద్దకొడుకు దక్కడని చెప్పిన నోటితోనే? జన్మంతా అద్దెకొంపలోనే పడుంటానండీ, ఇంటావిడ చేత మాటలు పడతాను. నా బిడ్డని తీసుకెళ్ళి ఆ పోటుకి మాత్రం ఎదురుపెట్టను. మా అలివేలు బిడ్డ కోసం రోజూ ఒణికిపోతూ దణ్ణం పెట్టుకుంటున్నానండీ.”

‘అది నేను కల్పించినమాట’ యని యొక్క వాక్యము పలికిన గడప తనది యగును. విశ్వపతి నోరు తెఱచెను. కాని యా వాక్యము వెంబడి భార్య “మరెందుకు చెప్పారండీ?” యని యడుగును. తెఱచిన నోరు మూసికొని కోటు గుండీలు పెట్టుకొనెను.

భ్రమరాంబ కన్నులు తుడిచికొని మగని ముంజేయి పట్టుకొనెను. “చెల్లెలి కొత్తిల్లు చూసి నేను మనసు పడతానని అడిగారు కదూ? నాకేం వద్దండీ. మీరు ముందే చెప్పబట్టి నా కొడుకు నాకు దక్కాడు. మీలాంటివారు ఎవరికి దొరుకుతారండీ!”

పౌర్ణమి వచ్చినది, పోయినది. దక్షిణపు ముక్కను కలపవర్తకు డొకడు కొనెను. ఊరివారు వీధిపోటు మాట యెన్నడో మఱచిరి. కాని యోర్వలేక యాడిన యబద్ధమును లోకమెల్ల మఱచినను దానిని నమ్మి తన్ను దేవునిగా దలచి ప్రతిదినమును మ్రొక్కు నొక్క ప్రాణి యింట నుండునంతకాలము దాని నాడినవానికి విడుదల లేదు.