ఫార్ములా ముందు అంకె

ఆకివీడులో చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబు ఒకటుంది. అక్కడ సీసాలు కడిగే రాజ్యానికి నలభై ఒకటో ఏడు. ఓపెన్ ఇంటర్ రెండుసార్లు రాసింది. రెండుసార్లూ కెమిస్ట్రీలోనే తప్పింది.

“ఈ వయసులో ఎందుకే ఇంకా?” అన్నాడు భర్త తాతాజీ.

రాజ్యం మర్నాడే మూడోసారి దరఖాస్తు పెట్టింది.

ల్యాబు టెక్నీషియన్ సాహితి ఒకరోజు ఆమె నోట్సు చూసింది. అల్యూమినియం సల్ఫేట్‌లో బేరియం క్లోరైడ్ కలిపే సమీకరణం. రెండువైపులా లెక్క కుదరడానికి రాజ్యం బేరియం సల్ఫేట్ ఫార్ములానే మార్చేసింది.

“అలా మార్చకూడదండీ. మారిస్తే అది వేరే పదార్థం అయిపోతుంది. ఫార్ములా ముందు వేసే అంకె ఒక్కటే మన చేతిలో ఉండేది.”

“ఇటు సల్ఫేట్లు మూడున్నాయి కదండీ?”

“అయితే అటు కూడా మూడు రావాలి. తెల్లగా అడుక్కి దిగే బేరియం సల్ఫేట్ అవక్షేపం మూడన్నమాట. మరి బేరియం క్లోరైడ్ ఎన్ని కావాలి?”

“మూడే కావాలి.” రాజ్యం క్లోరిన్లు ఆరూ వేళ్ళ మీద లెక్కపెట్టి, అల్యూమినియం క్లోరైడ్ ముందు రెండు వేసింది. కుదిరింది.

అప్పట్నుంచి మూడు నెలలు, ఒక్క సమీకరణమైనా తుల్యం చేయనిదే ఆమె మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు.

ఏలూరులో ప్రాక్టికల్ పరీక్ష. పరీక్షాధికారి గంగాధరరావు ఆమె పేపరు చూసి, “బట్టీ పట్టారామ్మా?” అన్నారు.

“లేదండీ.”

“అయితే అల్యూమినియం క్లోరైడ్‌లో సిల్వర్ నైట్రేట్ పోస్తే ఏమవుతుందో రాయండి.”

అది ఆమె ఎప్పుడూ చేయనిది. కంగారులో సిల్వర్ క్లోరైడ్ ఫార్ములా కిందే మూడు వేసేసింది. చెయ్యి ఆగింది. గట్టిగా కొట్టేసింది.

“టైమైపోతోందమ్మా.”

“ఒక్క నిమిషం సార్. నేను వదలనండి.”

మళ్ళీ మొదటినుంచి రాసింది. “క్లోరిన్లు మూడు, అందుకని సిల్వర్ క్లోరైడ్లు మూడండి. సిల్వర్ మూడైంది కాబట్టి సిల్వర్ నైట్రేట్లూ మూడు. అటు నైట్రేట్లు కూడా మూడే ఉన్నాయండి. సరిపోయింది.”

ఆయన పేపరు తిప్పి చూసుకున్నారు. “ఈ కొట్టివేత చూశాక నమ్మానమ్మా,” అని సంతకం చేశారు.

ఫలితాల్లో కెమిస్ట్రీలో యాభై ఎనిమిది వచ్చాయి. ఆ సోమవారం సాహితి రాజ్యాన్ని పరీక్షల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. మొదటి సీసా నీళ్ళు పరీక్షించి, రిజిస్టరులో ‘పరీక్షించినవారు’ అన్నచోట రాజ్యం తన పూర్తి పేరు రాసుకుంది.