ఖాళీయేనా?

తల దువ్వుకోవడానికి ఇంట్లో నాకెప్పుడూ తీరిక చిక్కలేదు. వంట, మా ఇద్దరి ఆఫీసు డబ్బాలు, అత్తగారి మాత్రలు, ఆయన చొక్కా ఇస్త్రీ అయ్యేసరికి వీధిలో కారు హారన్ మోగేది. తడిజుట్టుతో పరిగెత్తి పక్క సీట్లో కూలబడి, అక్కడే ముడి వేసుకునేదాన్ని. అదీ కుదురుగా కాదు. ఆయనకు నా వైపు కన్ను సరిగా కనిపించదు. ఈ సంగతి మా ఇద్దరికీ, కళ్ళ డాక్టరుకీ తప్ప మరెవరికీ తెలియదు. ప్రతి మలుపులోనూ నేను చూసి "ఖాళీ" అంటేనే ఆయన బండి తిప్పాలి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా మాట విన్నది అక్కడొక్కచోటే.

ఒకరోజు మార్కెట్ మలుపులో, సంచి పట్టుకుని రోడ్డు దాటుతున్న పెద్దావిడను మా కారు గుద్దింది. ఉల్లిపాయలు రోడ్డంతా దొర్లాయి. ఆవిడ చెయ్యి విరిగింది. నేను ముందుకు తూలితే పెదవి చీరుకుపోయింది. "నువ్వే కదే ఖాళీ అన్నావు!" అన్నారాయన, ఇంకా కారు దిగకుండానే. ఆస్పత్రిలో ఆవిడ కూతురితోనూ అదే మాట. ఇంటికొచ్చాక అత్తగారు, "అంత పరధ్యానమేంటమ్మా! పాపం, ముసలి ప్రాణం" అన్నారు. నన్ను అడిగిన వాళ్ళే లేరు. నిజంగా అన్నానా? ఆ మాట వినీ వినీ, నా గొంతు నాకే వినిపించడం మొదలైంది. గిన్నెలు తోముతుంటే నా వెనక ఎవరో "ఖాళీ" అనేవారు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. కూరల్లో ఉల్లిపాయ వెయ్యడమే మానేశాను.

ఇక కారెక్కలేకపోయాను. మా వీధి చివరి నుంచి ట్రామ్ పట్టుకున్నాను. పట్టాలు వేసేటప్పుడు "ఆ డబ్బాలో ఎవడెక్కుతాడు?" అని ఆయన తెగ నవ్వారు. ఇప్పుడు వీధి వీధంతా దాంట్లోనే పోతోంది. పైవాటా నర్సమ్మ కారే అమ్మేసింది. ఎదురింటి వాళ్ళ కారు కవరు కింద పిల్లి పిల్లల్ని పెట్టింది. ఆయన మాత్రం ఒక్కరే నడుపుకుంటూ వెళ్తున్నారు. ఆఫీసు చేరినట్టు ఫోన్ వచ్చేదాకా నేను గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటాను. ఆయన కోసం మాత్రమే కాదు, ఆ మలుపులో రోడ్డు దాటే వాళ్ళందరి కోసం.

ట్రామ్‌లోనూ ఆ మాట నన్ను వదల్లేదు. ఎక్కిన ప్రతివాళ్ళూ నా పక్క సీటు చూపించి "ఖాళీయేనా?" అంటారు. సీటును ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుని గానీ జవాబివ్వలేను. పిచ్చిదాన్నని అనుకుంటారేమో, అనుకోనీ.

ఈ రోజు ముడి వేసుకుంటుంటే నర్సమ్మ ఎక్కింది. "ఖాళీయేనా అక్కా?"

నా రెండు చేతులూ జుట్టులో ఉన్నాయి. "ఊఁ" అన్నాను.

"అయ్యో, ముందు నోట్లోంచి ఆ పిన్నులు తియ్యండి. ట్రామ్ కుదిపిందంటే పెదవి చీరుకుపోతుంది!" అని నవ్వింది.

పిన్ను సరిగ్గా ఆ పాత మచ్చ మీదే ఉంది. ఆ రోజు కారులో నా కాళ్ళ దగ్గర ఏరుకున్న పిన్నులు గుర్తొచ్చాయి. వాటికి రక్తం అంటుకుని ఉంది. పళ్ళ మధ్య పిన్నులు పెట్టుకుని ఎవరైనా మాట ఎలా మాట్లాడతారు? నేను అనలేదు. అసలు నోరే తెరవలేదు. నేను చెప్పేదాకా ఆగకుండా ఆయనే బండి తిప్పేశారు. ట్రామ్‌లో అందరి ముందూ భోరున ఏడ్చాను. నర్సమ్మ నా ముడి తనే వేసింది.

సాయంత్రం ఆయన కారు తాళం మేకుకు తగిలిస్తూ, "రేపు నాతో రా. ఆ మలుపు దగ్గర నువ్వు లేకపోతే ఎట్లా?" అన్నారు.

తాళం తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. "రేపట్నుంచి మీరూ ట్రామ్‌లోనే" అన్నాను.

"నీకేమైనా మతిపోయిందా?"

"ఆ రోజు నా నోట్లో పిన్నులున్నాయండీ."

అత్తగారు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశారు. ఏ రోజని ఆయన అడగలేదు.