ఉఫ్

‘గేమ్ మెషీన్లు బాగుచేయబడును. మనిషి కావలెను’ అన్న అట్టముక్క ఆ దుకాణం తలుపు మీద చూసినప్పటి నుంచి ఆమెకు కాలు నిలవడం లేదు. కానీ చదువు తొమ్మిదితో ఆగిపోయింది. ఆ ఒక్కటీ అడక్కుండా ఉంటే చాలనుకుంటూ, బడికి సెలవని వెంట తెచ్చుకున్న కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి అడుగుపెట్టింది. “ఆటలాడుకోవడానికి జీతమిచ్చే వెర్రివాడెవడే” అని పొద్దున అత్తగారు అంటించిన చురక ఇంకా చల్లారలేదు.

దుకాణం పెద్దాయన చదువు అడగలేదు. పొడుగాటి బల్ల మీద వరసగా పెట్టిన నాలుగు మెషీన్లు చూపించాడు.

“ఇది ముత్తాత. రెండు గీతలు, ఒక చుక్క, అంతే దీని ఆట. క్యాసెట్ గుచ్చేది తాత. సీడీ మింగేది తండ్రి. ఆ నల్లపెట్టె మనవడు. వాడికి క్యాసెట్టూ లేదు, సీడీ లేదు, ఆటలు గాల్లోంచి దిగుతాయి. తాతకీ మనవడికీ ఒంట్లో బాగాలేదు. ఇద్దర్నీ లేపావంటే ఉద్యోగం నీది.”

తాతను చూడగానే ఆమె చేతులు ఉరకలేశాయి. చిన్నప్పుడు అన్నయ్యతో పోట్లాడి మరీ ఆడింది ఇలాంటిదానిమీదే. క్యాసెట్ లాగి, అలవాటుగా నోటి దగ్గర పెట్టుకుని ‘ఉఫ్’మని ఊదింది.

“అయిపోయింది” అన్నాడు పెద్దాయన. “వచ్చినవాళ్లంతా ఇక్కడే బోర్లాపడతారు. నోటి తడికి పిన్నులు చిలుం పడతాయమ్మా.”

“మేం ఊదితే ఆడేది బాబాయ్ గారూ.”

“తీసి మళ్లీ గుచ్చినందుకు ఆడేది. పేరు మీ ఊపిరి కొట్టేసింది.”

“ఇంకొక్కసారి చూడనివ్వండి” అంటూ సంచిలోంచి కూతురు సగం కొరికేసిన రబ్బరు తీసింది. ఇంట్లో టీవీ రిమోట్‌ మొరాయించినప్పుడల్లా లోపల దానితోనే రుద్దుతుంది. క్యాసెట్ పిన్నులూ అలాగే రుద్దితే నలుపు వదిలి మెరుపొచ్చింది. గుచ్చి మీట నొక్కగానే తెర నిండా రంగులు పూశాయి.

పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

మనవడు మాత్రం కొరకరాని కొయ్య. కారు పందెం మొదలవుతుంది, ఐదు నిమిషాలకు పెట్టె రొదపెట్టి ఆరిపోతుంది. రెండుసార్లు అంతే. ఈలోగా కూతురు, అమ్మ దగ్గర నేర్చిన విద్య కదా, పెట్టె వెనక్కి వెళ్లి ‘ఉఫ్’మంది. గుప్పున దుమ్ము లేచి రెండు తుమ్ములు తుమ్మింది.

“ఊదడానికి దానికి క్యాసెట్ నోరెక్కడుందే తల్లీ” అని నవ్వాడు పెద్దాయన.

ఆమె నవ్వలేదు. పెట్టె మీద చెయ్యి వేసింది. పెనంలా కాలుతోంది.

“దుమ్ముతో ఊపిరాడక పడిపోతోంది బాబాయ్ గారూ. బ్రష్షూ స్క్రూడ్రైవరూ ఇస్తారా?”

విప్పితే దుమ్ము దూదిలా మేటవేసి ఉంది. తుడిచి, బిగించి, మళ్లీ ఆట పెట్టింది. ఐదు నిమిషాలు. పది. పదిహేను. ఆమె వచ్చిన పనే మరిచిపోయి మలుపు మీద మలుపు తిప్పుతూ అందరికంటే ముందు గీత దాటేసింది. “అమ్మా, నాకివ్వవే” అని కూతురు కొంగు లాగుతోంది.

“పాప బడి ఎన్నింటికి వదుల్తారు?” అన్నాడు పెద్దాయన.

“మూడింటికండీ.”

“అయితే రోజూ రెండున్నరకే వెళ్లిపో. రేపు తొమ్మిదికి రా. ఆ కొరికిన రబ్బరు మాత్రం మర్చిపోకు.”

పొద్దుటి నుంచీ బిగబట్టిన ఊపిరి ఆమె గుండెల్లోంచి ‘ఉఫ్’మని తన్నుకొచ్చింది. ఆఖరి క్షణంలో గుర్తొచ్చి, మొహం తాత మీంచి పక్కకు తిప్పుకుంది.