వంటింట్లో క్వారంటైన్

“కూరల ఉప్పే లేదు. ఏసినవా, మర్చినవా?” హాల్లోంచి నరేష్‌కుమార్ కేకేశాడు.

అరుణజ్యోతి గరిటె చివరతో దొండకాయ కూర కాస్త తీసి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు తెలియలేదు, కారమూ తెలియలేదు. వేడి మాత్రం చురుక్కుమని తెలిసింది. జ్వరం వచ్చిన మర్నాటి నుంచే ఆమెకు రుచి పోయింది, వాసన పోయింది. పోపు మాడితే పొగ కళ్ళలో పడ్డాకే తెలుస్తోంది.

“పైన చల్లుకోండ్రి,” అంది.

“పైన చల్లుకుంటె కూరకు పడ్తదా?” అన్నది అత్త వజ్రమ్మ. “కరోనా ఒచ్చింది నోటికి గని చేతికి కాదు కద. చేతి అందాజ ఏడికి పోయింది?”

వంటింటికి తలుపు లేదు. కొత్తపేటలో ఈ ఫ్లాటు కొన్నప్పుడు అందరి ఇళ్ళలో లాగే కమాను పెట్టించారు. ఇప్పుడు ఆ కమానుకు పాత దుప్పటొకటి అడ్డంగా కట్టారు. దుప్పటికి ఇవతల అరుణజ్యోతి, అవతల మిగిలిన ఇల్లు. గ్యాస్ స్టవ్వుకూ ఫ్రిజ్జుకూ మధ్య చాప వేసుకుని పడుకుంటోంది. గిన్నెలు దుప్పటి కింద నుంచి బయటికి జరిపితే, అవి ఖాళీ అయ్యి అదే దారిన లోపలికి వస్తాయి. బాత్రూంకి పోవాలంటే ముందు “ఒస్తున్న” అని అరవాలి. అప్పుడు అందరూ గదుల్లోకి పోయి తలుపులు వేసుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు తను ముట్టుకున్న ప్రతి గొళ్ళెం ఫినాయిల్‌తో తుడుచుకుంటూ రావాలి.

జబ్బు మొదట వచ్చింది భర్త నరేష్‌కుమార్‌కు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన చీరల దుకాణం, పెళ్ళిళ్ళ గిరాకీ. ఏప్రిల్‌లో అక్కడే ఎవరో అంటించారు. ఆయన బాత్రూం ఉన్న పెద్ద గదిలో పడుకున్నాడు. గుమ్మం దగ్గర స్టూలు మీద కషాయం, ఉడకబెట్టిన గుడ్లు, కోసిన పండ్లు, ఆవిరి పట్టుకోవడానికి వేడి నీళ్ళు అన్నీ వేళకు పెట్టింది అరుణజ్యోతే. లేచిన తర్వాత ఆయన దుకాణం వాళ్ళతో ఫోన్లో, “మస్తు రెస్ట్ దొరికిందిరా భాయ్,” అని నవ్వడం కూడా విన్నది.

తనకు పాజిటివ్ అని వచ్చిన రోజు ఆ గది అడిగింది. “నా నీరసమే ఇంక పోలే, నేనేడ పండుకోవాలె?” అన్నాడాయన. రెండో గదిలో అత్త, తమ కూతురు మాలతి. మాలతికి ఇంటర్ ఆన్‌లైన్ క్లాసులు. అప్పుడు వజ్రమ్మ తేల్చింది, “వంటింట్లనే పండనీ. ఎట్లైన దినమంత ఉండేది ఆడనే కద.” ఆమె చేతి వంట తినొచ్చా అని మాలతికి అనుమానం వచ్చింది. “వేడి మీద వైరస్ బతకదంట, వాట్సాప్‌ల ఒచ్చింది,” అన్నాడు నరేష్‌కుమార్. ఆ మాటతో అందరి అనుమానాలూ తీరిపోయాయి.

ఈ సంగతి తనకు అల్లిక నేర్పే కోటేశ్వరమ్మకు వీడియో కాల్‌లో చెప్పింది. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, “దాన్ని క్వారంటైన్ అనరమ్మా జ్యోతీ, కాపురం అంటారు,” అంది. అరుణజ్యోతికి నవ్వొచ్చి, నవ్వు దగ్గయి, దగ్గు ఎంతకీ ఆగలేదు.

కోటేశ్వరమ్మది తెనాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరై, వనస్థలిపురంలో ఒక్కతే ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు. శనివారం మధ్యాహ్నాలు కాలనీ హాల్లో ఊలు అల్లిక నేర్పేది. కాన్పుల దవాఖానలో పుట్టిన పిల్లలకు టోపీలు అల్లించేది. దుకాణంలో సరుకు మడతలు పెట్టి అలసిపోయిన ఒక శనివారం, బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ చేతుల్లో సూదులు కదులుతుంటే చూస్తూ చూస్తూ తన స్టేజీ మర్చిపోయి, ఆవిడ వెంటే దిగిపోయింది అరుణజ్యోతి. ఆమె తన సంతోషం కోసం చేసిన మొదటి పని బహుశా అదే.

లాక్‌డౌన్ పెట్టి హాలు మూసేశాక కోటేశ్వరమ్మే వీడియో కాల్ మొదలుపెట్టింది. మధ్యాహ్నం, ఇళ్ళలో అందరూ తిని నడుం వాల్చే వేళ. కర్మన్‌ఘాట్ నుంచి సుప్రియ, కడుపుతో ఉన్న పిల్ల. బాలాపూర్ నుంచి అమల. ఆవిడ భర్త ఆక్సిజన్ మీద ఆసుపత్రిలో ఉన్నాడు, ఆమెను చూడనివ్వడం లేదు. “మాట్లాడాలని ఏం లేదమ్మా. కెమెరా మాత్రం ఆపకండి. ఎవరి పని వాళ్ళు అల్లుకుందాం,” అనేది కోటేశ్వరమ్మ. అంతే. నలుగురి చేతులు, సూదులు ఒకదానికొకటి తగిలే చప్పుడు. మధ్యలో ఎవరైనా ఏడిస్తే మిగిలినవాళ్ళు చేతులాపకుండా వినేవాళ్ళు. ఇంట్లో అరుణజ్యోతి ఏడిస్తే, “ఇప్పుడేమైందని?” అంటారు. ఇక్కడ ఆ మాట ఎవరూ అడగలేదు.

వజ్రమ్మకు ఇది గిట్టలేదు. “దారం పని నేను సచ్చేంత చేసిన. కూటికి చేసిన. నీకు షోకయింది,” అనేది. పోచంపల్లిలో మగ్గం నేసినాయన ఆమె భర్త. ఆ మగ్గానికి బతుకంతా నూలు కండెలు చుట్టింది ఆమె.

ఊలు కొట్లు మూతబడ్డాయి, ఇంట్లో ఉన్న ఊలు అయిపోయింది. అరుణజ్యోతి నేర్చుకున్న కొత్తలో నరేష్‌కుమార్‌కు ఒక నీలం స్వెటరు అల్లింది. “హైదరబాద్‌ల గిది ఎవడేస్తడు, నవ్వుతరు,” అని ఆయన ఒక్కసారి కూడా తొడగలేదు. వంటింటి అటక మీది సంచీలోంచి దాన్ని దింపి కెమెరా ముందు పెట్టింది. “విప్పెయ్యనా ఆంటీ?” అంటే, “నీ చేతి పనే కదా, నీ ఇష్టం,” అంది కోటేశ్వరమ్మ. “విప్పిన ఊలు ఉంగరాలు తిరిగుంటుంది. తడిపి, కొసకి బరువు కట్టి ఆరెయ్. సాగుతుంది.” నీలం దారం సర్రున విప్పుకుంటూ వచ్చింది. ఏళ్ళ కిందటి ఒక్కో వరస, ఆయన ఛాతీ కొలత, భుజాల కొలత, ఆయన నిద్రపోతుంటే జేనతో కొలుచుకున్న చేతుల పొడవు, అన్నీ విడిపోయి ఒడిలో కుప్ప పడ్డాయి. బాధేస్తుందనుకుంది. వేయలేదు. తేలిగ్గా ఉందనీ అనిపించలేదు. ఏమీ అనిపించకపోవడం చూసి భయపడింది.

ఆ వారమే కోటేశ్వరమ్మకు దగ్గు మొదలైంది. “కొంచెం జలుబులే,” అంది మొదట. తర్వాత తానూ పాజిటివ్ అని ఒప్పుకుంది. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకోవడం వినబడుతోంది. చేతులు మాత్రం కదుల్తూనే ఉన్నాయి, నెమ్మదిగా. టోపీ అంచు ఎలా మూసెయ్యాలో సుప్రియకు చూపిస్తూ చూపిస్తూ ఒక మధ్యాహ్నం, “ఇక్కడ రెండు కుట్లూ కలిపి...” అని ఆగింది. ఫోను పక్కకి పడిపోయింది. తెర మీద తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను, దాని వెనుక ఊపిరి. పగిలిన గొట్టంలోంచి గాలి పోతున్నట్టున్న ఊపిరి.

“ఆంటీ! ఆంటీ!” సుప్రియ ఏడ్చేసింది.

“అంబులెన్స్‌కి చేస్తున్న, లైన్ కలుస్తలేదు,” అంది అమల. “అక్కా, నీకు దగ్గరే. మీకు కారుంది కద!”

అరుణజ్యోతి దుప్పటి దగ్గరికి వెళ్ళి నిలబడింది. “ఇగో, వింటున్నరా? కోటేశ్వరమ్మ ఆంటీకి ఊపిరాడ్తలేదు. ఒక్కతే ఉన్నది. జర కారు తియ్యండ్రి, దవాఖానకు తీస్కపోదాం.”

టీవీ చప్పుడు తగ్గింది. “అంబులెన్సులు ఎందుకున్నయి?” అన్నాడు నరేష్‌కుమార్. “నాకొకసారి ఒచ్చి పోయింది, మళ్ల అంటించుకోవాల్నా? అసలు ఆమె నీకేమైతది?”

ఏమైతది? అరుణజ్యోతి నిజంగానే వెతుక్కుంది. చుట్టం కాదు. కులం కాదు, ఊరు కాదు. స్నేహితురాలు అందామంటే ఆమె వయసు తన తల్లి వయసు. రోజూ మధ్యాహ్నం తన చేతులను చూసే మనిషి. దానికి పేరేదీ ఆయనకు చెప్పగలిగినట్టు లేదు.

కారు నడపడం తనకు రాదు. నేర్పమంటే, “ఎవరి మీదికెక్కిస్తవ్,” అని నవ్వాడాయన అప్పట్లో. చెప్పులు కూడా బయట అరలో ఉన్నాయి.

ఆమె దుప్పటి ఎత్తి హాల్లోకి వచ్చింది. “ఒస్తున్న” అని అరవలేదు.

నరేష్‌కుమార్ సోఫా మీంచి ఎగిరి గోడకు ఆనుకున్నాడు. “ఏయ్, ఏడికి? లోపలికి పో! పిల్ల ఉన్నది!” వజ్రమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గదిలోకి వెనక్కి వెనక్కి నడిచింది. మాలతి టీషర్టు మెడ ముక్కు మీదికి లాక్కుని నిలబడింది. కళ్ళు మాత్రమే కనిపించాయి, అవి తల్లిని కాకుండా తల్లి చేతులెక్కడ తగుల్తాయో చూస్తున్నాయి. ఎవరూ దగ్గరికి రాలేదు. చెయ్యి పట్టుకుని ఎవరూ లాగలేదు. హాలంతా ఖాళీ అయ్యి, వాకిలి దాకా దారి పడింది. అరుణజ్యోతి మాస్కు కట్టుకుని, చెప్పులేసుకుని మెట్లు దిగింది.

మే నెల ఎండ. పొద్దుటి సడలింపు అయిపోయి రోడ్డు ఖాళీగా పడి ఉంది. పండ్ల మార్కెట్ దాటుతుంటే మామిడికాయల వాసన రావాలి, రాలేదు. ఆటో లేదు, బస్సు లేదు. మెట్రో స్తంభాల నీడ పట్టుకుని నడిచింది. స్తంభం నుంచి స్తంభానికి పోయేసరికి ఊపిరి అందడం లేదు. చెవి దగ్గర ఫోనులో ఇంకా ఆ ఫ్యాను చప్పుడు, ఆ ఊపిరి. “ఒస్తున్న ఆంటీ, ఒస్తున్న,” అంటూనే ఉంది.

ఎల్బీనగర్ చౌరస్తాలో బారికేడ్లు. కానిస్టేబుల్ ఆపాడు. “ఏడికమ్మా?”

“వనస్థలిపురం. మా అమ్మకు బాగలేదు.” ఆ అబద్ధం ఆమె నోట చాలా తేలిగ్గా వచ్చింది.

అతను పొమ్మన్నాడు. కానీ కాళ్ళు పోలేదు. స్తంభం మొదట్లో సిమెంటు గట్టు మీద కూలబడింది. అప్పుడే ఫోన్లో తలుపు విరిచిన చప్పుడు, మగవాళ్ళ గొంతులు వినబడ్డాయి, తర్వాత కాల్ తెగిపోయింది. కాసేపటికి అమల చేసింది. “అంబులెన్స్ లైన్ కలిసిందక్కా. వాచ్‌మన్ తలుపు పగలగొట్టించిండు. అంబులెన్స్ ఒచ్చింది, తీస్కపోయిండ్రు. ఏ ఆసుపత్రో చెప్తలేరు. ఇగ నువ్వు పోయి ఏం చేస్తవ్? ఇంటికి పో.”

ఇంటికి పో. పోవడానికి ఇంకో చోటు ఏదైనా ఉందా అని ఆ చౌరస్తాలో కూర్చుని ఆలోచించింది. అమ్మగారింట్లో తమ్ముడికి చిన్న పిల్లలు. ఏ తలుపు తట్టినా ఇప్పుడు తను మనిషి కాదు, జబ్బు. లేచి, వచ్చిన దారినే నడిచింది.

గుమ్మంలో నరేష్‌కుమార్ దూరంగా నిలబడి తల నుంచి కాళ్ళ దాకా శానిటైజర్ కొట్టాడు. “పోయినవ్ కద? ఏం చేసినవ్? బతికించినవా?”

ఏమీ చెయ్యలేదు. అది నిజమే. చెప్పులు విప్పి బయట అరలో పెట్టింది.

“బియ్యం కడిగి దుప్పటి కాడ పెట్టిన,” అన్నది వజ్రమ్మ లోపల్నించి. “కుక్కర్ ఎక్కియ్యి.”

మర్నాడు పొద్దున కోటేశ్వరమ్మ పోయింది. సుప్రియ గ్రూపులో రాసింది. ఎవరికీ కడసారి చూపు లేదు. మధ్యాహ్నం వేళకు ముగ్గురూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఎప్పుడూ కలిపేది ఆమే కాబట్టి, ముందెవరు చెయ్యాలో తెలియక చాలాసేపు ఎవరూ చెయ్యలేదు. చివరికి అరుణజ్యోతే చేసింది. టోపీ అంచు మూసే పద్ధతి సగంలో ఆగిపోయింది, మిగతాది ఎవరికీ రాదు. సూదులు ఒడిలో పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత రెండు మూడు సార్లు కలిశారు. అమల భర్త శవాన్ని కూడా సంచీలో చుట్టి ఇచ్చాక ఆమె కెమెరా తెరవలేదు. సుప్రియను కాన్పుకు తీసుకెళ్ళారు. ఆ వేళ మెల్లగా మామూలు మధ్యాహ్నమైపోయింది.

ఒకరోజు దుప్పటి అవతల వజ్రమ్మ వచ్చి నిలబడింది. కింద నుంచి ఆమె పగిలిన మడమలు కనబడుతున్నాయి.

“గా ముసలామె ఒక్కతే ఉంటుండెనా?”

“ఒక్కతే.”

“వండి పెట్టాలని ఎవరు లేకుండెనా?”

“లేకుండె.”

“పొద్దంత కండెలు చుట్టుకుంట కూసునేదాన్ని,” అన్నది వజ్రమ్మ. “నా చేతులు సుత చూసేటోళ్ళు ఒక్కలు లేకుండిరి.” అరుణజ్యోతి దుప్పటి వైపు చెయ్యి చాపింది. తను తాకకూడదని గుర్తొచ్చి ఆగింది. అంతలోనే, “చాయ పెట్టు,” అని మడమలు వెళ్ళిపోయాయి.

చివరికి రిపోర్టు వచ్చింది. నరేష్‌కుమార్ తానే దుప్పటి ముడి విప్పి, ఎన్నాళ్ళకో దగ్గరికొచ్చి భుజం తట్టాడు. “నెగెటివ్! ఇగ పరేషాన్ లేదు. మనింట్ల ఎవ్వరికి ఏం కాలే, అదృష్టం.” మాలతి వచ్చి ఆమెను మోచేత్తో పక్కకు జరిపి ఫ్రిజ్ తెరిచింది. వజ్రమ్మ ఆమె మీదుగా చెయ్యి చాపి పైఅరలో పచ్చడి జాడీ కోసం తడిమింది. “చాప తియ్యి, కాళ్ళకడ్డం పడ్తుంది,” అన్నది.

అరుణజ్యోతి వాళ్ళ మధ్య నిలబడి ఉంది. గోడకు ఆనుకున్నవాళ్ళు, ముక్కు మూసుకున్నవాళ్ళు, వెనక్కి నడిచినవాళ్ళు ఇప్పుడు ఆమెను ఒరుసుకుంటూ తిరుగుతున్నారు. ఆమెను చూసి పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాళ్ళు ఇంక ఆ ఇంట్లో ఎవరూ లేరు.